సిమెంటు సంచి మీద మా మామ

మా పక్కింటి రేణుక కట్టుకుంటున్న కొత్తింటికి సిమెంటు దిగిన రోజు మా ఊళ్ళో ఎవరూ సిమెంటు వంక చూడలేదు, సంచుల వంకే చూశారు. సంచుల మీద మా మామ ఉన్నాడు.

మామ అంటే నా భర్త తండ్రి, భీమన్న. తలపాగా, తెల్ల మీసం, ఎండకు చికిలించిన కళ్ళు, అన్నీ ఆయనవే. భుజం మీది గొడ్డలి మాత్రం ఆయనది కాదు. కూలీలు ట్రాక్టరులోంచి ఒక్కొక్క సంచీ దించుతుంటే ఒక్కొక్క భీమన్న దిగుతున్నాడు. రేణుక పకపకా నవ్వి, "పెదనాయనా, నీ పెండ్లికి గూడ ఇన్ని ఫోటోలు దిగలేదేమో!" అంది. పెళ్ళికి అసలు ఒక్క ఫోటో కూడా లేదు. మా అత్త యాదమ్మ ఆ సంగతి ఇప్పటికీ పండుగకొకసారి గుర్తు చేస్తుంది.

మామ కూడా నవ్వాడు. సిగ్గుపడుతూ దగ్గరికొచ్చి, సంచి మీద తన మీసాన్ని వేలితో తడిమాడు. ఆయనకు చదువు రాదు.

"కింద ఏమో రాసిండ్రు. జర సదువు బిడ్డా," అన్నాడు నాతో.

ముందు నాలో నేను చదువుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. 'మంచి రైతు అని రాశారు మామా' అని తప్పించుకుందామనుకున్నాను కానీ, చుట్టూ చదువొచ్చిన పిల్లలు మూగి ఉన్నారు. నేను దాస్తే వాళ్ళలో ఎవడో ఒకడు వీధి వీధీ తిరిగి చదువుతాడు. అందుకని పైకే చదివాను.

"నిన్న ఈ చేతులు అడవిని నరికాయి. నేడు మా అండతో అదే అడవికి కాపలా కాస్తున్నాయి. మీరు కొనే ప్రతి సంచీ ఒక పచ్చని గుట్టను గొడ్డలి నుంచి కాపాడుతుంది. గిరివజ్ర, కార్బన్ భారం లేని సిమెంటు."

నవ్వులు ఆగిపోయాయి. మామ సంచి మీద నుంచి వేలు తీశాడు.

"నరికినయా? ఏ చేతులు?" అన్నాడు.

ఆయన తన చేతులను ఒకసారి తిప్పి చూసుకుని, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆయనకు ఎందుకంత తగిలిందో చెప్పాలంటే ఎర్రగుట్ట సంగతి చెప్పాలి. మా ఊరు ఖిల్లా ఘణపూర్ దాటాక గుట్టల మధ్య ఉంటుంది. ఊరిని ఆనుకునే ఎర్రగుట్ట. నేను తిమ్మాజిపేట నుంచి కోడలిగా వచ్చేనాటికే అది పచ్చగా ఉంది కాబట్టి పుట్టుకతోనే పచ్చనిదనుకున్నాను. కాదట. కరువుకు ఊరు ఊరంతా బొంబాయికీ పూనాకీ మట్టిపనికి పోయిన కాలంలో దాని మీద మేకకు కూడా నీడ లేదట. మామ, ఆయన దోస్తు ప్రభుదాసు బొంబాయిలో ఒకే గుడిసెలో పడుకుని, ఒకే గంపతో మట్టి మోశారు. తిరిగొచ్చాక మామ ఊరివాళ్ళను కూర్చోబెట్టి ఒక్కటే అడిగాడు: ఎన్నడో ఎవరో నరికిపోయిన చెట్ల మొదళ్ళు ఇంకా బతికే ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోకండి, చాలు. పోలేదు. చండ్ర, మోదుగ, బిల్లుడు, సీతాఫలం, అన్నీ పాత మొదళ్ళ నుంచే లేచొచ్చాయి.

కావలికి మామ పెట్టిన పద్ధతి గొంగడి. ఊరందరికీ కలిపి ఒకటే గొంగడి. ఇవాళ ఎవరి దర్వాజా పక్క మేకుకు అది వేలాడుతుందో ఇవాళ ఆ ఇంటి వంతు. ఆ ఇంటి మనిషి దాన్ని భుజాన వేసుకుని గుట్ట చుట్టి రావాలి, పొద్దు గూకేసరికి పక్కింటి మేకుకు తగిలించాలి. గుడికి పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, భూమి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అన్న తేడా లేదు, గొంగడి అన్ని గడపలూ తొక్కుతుంది. ఎండుపుల్లలు ఏరుకుంటే అడ్డం లేదు. పచ్చికొమ్మ నరికి దొరికినవాడు మాత్రం నడి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, ఆ గొంగడి నిండా కప్పుకుని గుట్ట చుట్టూ తిరగాలి. ఒకసారి తిరిగినవాడు మళ్ళీ పచ్చికొమ్మ వంక కన్నెత్తి చూడడు. సీతాఫలాల కాలంలో మేము ఆడవాళ్ళం గంపలు నింపుకుని వనపర్తి పోతుంటే, బస్సులో "ఎర్రగుట్టోళ్ళు వచ్చిండ్రు" అని సీటు కూడా ఇస్తారు.

అటువంటి గుట్టను పట్టుకుని, అటువంటి మనిషిని పట్టుకుని ఆ మాట రాశారు. అయితే తప్పంతా కంపెనీ మీదికి తోసి చేతులు దులుపుకుంటే ధర్మం కాదు. ఆ మాట మొదట మా ఊరి నోటి నుంచే వచ్చింది.

మా దిక్కు సర్వే అంటే ఒక విద్య. ఎవరైనా కాగితమో ఫోనో పట్టుకుని గడప ముందుకొస్తే, అడిగినదానికల్లా లేదు అనాలి. బండి ఉందా? లేదు. ఫ్రిజ్జు ఉందా? లేదు. ఉందంటే జాబితాలో ఉన్న పేరు కొట్టేస్తారు, లేదంటే ఏదో ఒకటి రాసుకుంటారు, ఏనాటికైనా ఏదో ఒకటి వస్తుంది. కరువు సర్వేలతో తాతల నాడు అబ్బిన విద్య ఇది. లోపల టీవీలో పాట మోగుతుండగా బయట నిలబడి మా ఇంట్లో టీవీ లేదని చెప్పిన ఘనత మా అత్తది.

రెండేళ్ళ కింద గిరివజ్ర సిమెంటు కంపెనీ నుంచి జగదీశ్ అనే అతను సర్వేకొచ్చాడు. అచ్చంపేట పిల్లవాడే, మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి మాట్లాడేవాడు. "మా సాయం లేకుంటే మీరు ఈ చెట్లు కొట్టుకుంటరా?" అని అడిగాడట. ఏ జవాబుకు ఏదైనా వస్తుందో మావాళ్ళకు వాసనతోనే తెలుస్తుంది. పెద్దమనిషి కదా అని మామే ముందు అందుకున్నాడు. "గతి లేకుంటే కొట్టుకోమా సారూ? కొట్టుకుంటం." ఊరంతా ఆయన వెనకే తలూపింది. ఆ రోజు నేను పుట్టింట్లో ఉన్నాను. ఉండి ఉంటే నేనూ అదే అనేదాన్ని, పైగా రెండు కన్నీటి చుక్కలు కూడా కలిపేదాన్ని.

ఆ తర్వాత ఫోటో తీసే అతను, "పెద్దాయనా, ఒక గొడ్డలి పట్టుకుంటే బాగుంటది," అన్నాడట. మా వీధిలోని కాంతమ్మ ఇంటి నుంచి గొడ్డలి తెచ్చారు. పింఛను ఫోటోకు తల ఎత్తమంటే ఎత్తినట్టే, మామ గొడ్డలి పట్టమంటే పట్టాడు. కొన్నాళ్ళకు గుట్ట కింద సోలారు మోటారు, పశువులకు నీళ్ళ తొట్టి, పక్కనే కంపెనీ పేరూ ఫోన్ నంబరూ రాసిన ఒక బోర్డు వచ్చాయి. మా విద్య పారిందని సంబరపడ్డాం.

ఇప్పుడు ఆ సంబరం సంచులెక్కి వచ్చింది. మా ఊళ్ళల్లో సిమెంటు సంచికి చావు లేదు. సిమెంటు అయిపోయాకే దాని అసలు బతుకు మొదలవుతుంది. స్నానాల గదికి పరదా అవుతుంది, మేకల కొట్టానికి చాటు అవుతుంది, చింతపండుకు సంచి అవుతుంది, అంగన్‌వాడీలో పిల్లల కిందికి పట్టా అవుతుంది. ఊళ్ళో ఇందిరమ్మ ఇళ్ళు వరసగా లేస్తున్నాయి, అందరికీ అదే సిమెంటు. చూస్తుండగానే మామ గొడ్డలి పట్టుకుని ప్రతి గోడకూ వేలాడాడు.

మా అత్త ఊరుకుంటుందా? ఇంటింటికీ పోయి సంచులను లోపలి వైపు బయటికి తిప్పి కట్టించింది. "ఇప్పటికే నలుగురు నా మొగని మొఖం మీద స్నానం నీళ్ళు సల్లిండ్రు. ఇంకొకరు సల్లితే ఆ పరదాల్నే సుట్టి తంత," అని వీధిలో నిలబడి అరిచింది. జనం నవ్వారు, కానీ తిప్పారు. పక్క ఊళ్ళ సంచులను ఎవరు తిప్పుతారు? మామ ఘణపూర్ సంతకు పోతే ఎవరో గుర్తుపట్టి, "నువ్వే గదా అడివి నరికినాయన?" అన్నారట. ఆ రోజు నుంచి ఆయన ఊరు దాటలేదు.

మా వంతు వచ్చింది. గొంగడి మా మేకుకు వేలాడుతోంది. మామ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. మా వంతు రోజున ఆయన గొంగడిని ముట్టకపోవడం నేను ఈ ఇంట్లో చూడలేదు.

"మామా, పొద్దెక్కింది," అన్నాను.

"అడివి నరికినోనికి కావలెందుకు బిడ్డా?"

"నువ్వు నరకలేదని ఊరందరికీ తెల్సు."

"ఊరికి తెలుసు. సంచికి తెల్వదు గదా." లేచి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను సచ్చేలోపల గా మాట సంచి మీది నుంచి పోవాలె నవనీతా. పోకుంటే నాకు గుట్ట మొఖం సూసే ఇజ్జత్ లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. గొంగడి భుజాన వేసుకుని నేనే గుట్టకు పోయాను. తిరిగొస్తూ తొట్టి దగ్గర బోర్డు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. జగదీశే ఎత్తాడు.

"సార్, మా మామను దొంగను చేసి అచ్చేసిండ్రు గదా. గిదేం న్యాయం?"

"అక్కా, దొంగ అని కాదు," అన్నాడు గాబరాగా. "జర ఇనుండ్రి. మా బట్టీల నుంచి పొగ పోతది. దాన్ని బట్టీ కాడ తగ్గియ్యాలంటే శానా కష్టం. అందుకని ఇంకో తాన ఎవరన్న చెట్లు కొట్టకుంట ఆపితే, ఆ ఆగిన లెక్కను మా పొగల నుంచి తీసేస్కుంటం. దాన్నే కార్బన్ క్రెడిట్ అంటరు."

"మేం కొడ్తలేం గదా. మీరు ఆపింది ఏంది?"

"అదే అక్కా. మీరు కొట్టేటోళ్ళయితేనే మేం ఆపినట్టు. ఎట్లయినా కొట్టరంటే మాకు లెక్కే రాదు."

"అంటే మేం దొంగలమైతేనే మీరు పోలీసులు."

"జర గట్లనే ఉంటది," అన్నాడు, చిన్నగా.

సొమ్మొకడిది సోకొకడిది అని సామెత. ఇక్కడ ఇంకో మెట్టు పైకి పోయింది. గుట్ట మాది, గొప్ప వాళ్ళది, పైగా గొడ్డలి మా భుజం మీద!

ఇంకో సంగతి కూడా చెప్పాడతను. వచ్చే వారం బయటి నుంచి తనిఖీకి ఒక మేడం వస్తుందట, కంపెనీ మనిషి కాదట. ఊరివాళ్ళను అదే ప్రశ్న మళ్ళీ అడుగుతుందట. "అప్పుడన్నదే మళ్ళ అనుండ్రి అక్కా. మాట మారితే ప్రాజెక్టు బంద్ అయితది. మోటారు, తొట్టి ఉంటయో పోతయో నేను జెప్పలేను."

ఆ మాట ఊళ్ళో పెట్టాను. తొట్టి దగ్గరే అందరం కూర్చున్నాం. మామ కూడా వచ్చి ఒక పక్కన బండ మీద కూర్చున్నాడు. మోటారు పోతుందనగానే అందరి ముఖాలూ వాడిపోయాయి. ప్రభుదాసు లేచాడు. ఆయన మాటకు ఊళ్ళో బరువుంది, గొంతుకు ఇంకా బరువుంది. చర్చిలో పాట ఎత్తుకుంటే గుట్ట మీదికి వినిపిస్తుంది.

"ఒక్క మాటకు మోటారొచ్చింది. మాట మారితే మోటారు పోతది," అన్నాడు. "నా పెండ్లాం ఎండాకాలమంతా మేకల కోసం దూరం బాయి నుంచి నీళ్ళు మోసి మోసి నడుము ఇరగ్గొట్టుకుంది. మల్ల మొయ్యమంటరా?"

"మరి మా మామ ఇజ్జత్?" అన్నాను.

"అన్నంటే నాకు పాణం. నీకంటే ముందు నుంచి పాణం. గని మేకలకు ఇజ్జత్ తాగిస్తనా నవనీతా?"

ఆ నీళ్ళ కుండలు నేనూ మోశాను. చాలామంది తలలు ప్రభుదాసు వైపే ఊగాయి. మామ తుండు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన నడక చూసి మా అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తనిఖీ మేడం వచ్చింది. పేరు అఖిల, హైదరాబాదు పిల్ల, ఎండకు టోపీ పెట్టుకుని పొద్దున్నే గుట్టంతా ఎక్కి దిగింది. తర్వాత తొట్టి పక్కన వేపచెట్టు కింద అందరినీ కూర్చోబెట్టి, జగదీశ్‌ను దూరంగా జీపు దగ్గర నిలబడమంది. అతను అక్కడి నుంచే మా ముఖాలు చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. మామ రాలేదు.

"భయం లేకుండా చెప్పండి," అంది అఖిల. "కంపెనీ సాయం చేయకపోయి ఉంటే మీరు ఈ గుట్ట మీది చెట్లు కొట్టుకునేవాళ్ళా?"

అందరూ ప్రభుదాసు వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకుని లేచాడు. అప్పుడే వెనక నుంచి చెప్పుల చప్పుడైంది.

మామ వస్తున్నాడు. తలపాగా చుట్టాడు, మీసం దువ్వాడు, భుజం మీద గొడ్డలి పెట్టాడు. కాంతమ్మ ఇంటి గొడ్డలే, ఫోటోలో ఉన్నదే. సంచి మీది మనిషి సంచిలోంచి దిగి వచ్చినట్టే ఉంది. అఖిల ఆయనను చూసి చప్పున లేచి నిలబడింది. మామ నేరుగా ప్రభుదాసు ముందుకు పోయి గొడ్డలి నేల మీద పెట్టాడు.

"ఒరే దాసూ. కొట్టుకుంటం అని నోటితోని ఎవడన్న అంటడు. నేనూ అన్న. గీ గొడ్డలి తీస్కొని ఒక్క చెట్టు కొట్టి సూపియ్యి. గప్పుడు మేడం రాసుకుంటది. నేను గూడ గా సంచి మీద మాట్లాడకుంట పడి ఉంట."

ప్రభుదాసు ముఖం కందగడ్డలా అయింది. "నన్నే పరీచ్ఛ పెడ్తవా అన్నా?" అన్నాడు. వంగి గొడ్డలి తీశాడు. విసవిసా గుట్ట మొదట్లోకి నడిచాడు. అక్కడ మొదటగా ఉన్నది ఒక చండ్ర చెట్టు. దాని ముందు నిలబడి గొడ్డలి ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"కొట్టు, ఎందుకాగినవ్?" అన్నాడు మామ.

"ఎట్ల కొట్టాలె అన్నా," అన్నాడు ప్రభుదాసు వెనక్కి తిరగకుండానే. "ఇది నా వంతుల మొల్చింది. నా మేకే దీని సిగురు మేసింది ఒకపారి. ఆ మేకనన్న అమ్మేసిన గని దీన్ని ఇడ్వలె. నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. మేడంకు చెప్పు."

ప్రభుదాసు తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు. గొడ్డలిని ఎంత బలంగా విసిరాడంటే, అది వచ్చి నీళ్ళ తొట్టిలో ధబేలున పడింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళందరూ తడిసిపోయారు.

"కొట్టం!" అని అరిచాడు. చర్చిలో పాడే గొంతు అది. "మోటారుంటే ఉండనీ, పోతే పోనీ. మేం కొట్టం!"

"అయ్యో, నా గొడ్డలి!" అంది కాంతమ్మ. "అయినా దాంతోని పెండ గూడ తెగదు. చెట్టేం కొడ్తవ్!"

నవ్వులు పగిలాయి. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. ఒక్కొక్కరే లేస్తున్నారు. కొట్టం, కొట్టం, మా తాత కొట్టలేదు, మేం కొట్టం. అఖిల రాసుకోవడానికి కూడా తీరిక లేకుండా అటూ ఇటూ చూస్తోంది.

"మరి రెండేళ్ళ కింద కొట్టుకుంటామని ఎందుకు చెప్పారు?" అంది.

మా అత్త ముందుకొచ్చింది. "సర్వే అంటే గట్లనే అంటం బిడ్డా. మా ఇంట్ల టీవీ లేదని గూడ చెప్పిన. ఉంది. రాస్కో. ఫ్రిజ్జు గూడ ఉంది."

అంతే, కట్ట తెగింది. "నాకు బండి ఉంది మేడం, గడ్డివాము ఎనక పెట్టిన," అంది రేణుక. "మాకు బర్రెలున్నయి." "మాకు కూలరుంది." పుట్టిన దగ్గర నుంచి సర్వేలో లేదు లేదు అన్న ఊరు, ఆ రోజు ఉన్నవన్నీ గుట్ట ముందు నిలబడి గొంతెత్తి చెప్పుకుంది. అఖిల మొదట చెయ్యి అడ్డం పెట్టి, "అవి నాకొద్దమ్మా," అంది, తర్వాత తానూ నవ్వేసింది. నేను ఇంత సంతోషం ఈ ఊళ్ళో ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

మామ మాత్రం నవ్వలేదు. జీపు దగ్గర నిలబడ్డ జగదీశ్‌ను చేత్తో పిలిచాడు. అతను వచ్చాడు, తల వంచుకుని.

"సారూ, నాడు కొట్టుకుంటం అన్నది నేను. అబద్ధం మాది. దాన్ని సంచి మీద అచ్చేసి ఊరూరికి పంపింది మీరు. మా అబద్ధం మేం వాపస్ తీస్కున్నం, అందరి ముంగట. మీది మీరు తీస్కోండ్రి."

అఖిల ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. రాసి, మామకు చదివి వినిపించి, సరిగ్గా ఉందా అని అడిగింది. "ఉంది," అన్నాడు మామ.

ఆ తర్వాత కొన్ని నెలలు ఏ కబురూ లేదు. మోటారు పీకడానికి ఎవరైనా వస్తారేమోనని ప్రభుదాసు రోజూ తొట్టి దగ్గరే కూర్చునేవాడు. మామ గుట్టకు పోవడం మళ్ళీ మొదలుపెట్టలేదు. "ఊరి ముంగట పోయింది. సంచి మీది నుంచి పోలె," అనేవాడు. మొండిమనిషి. మా వంతు వచ్చినప్పుడల్లా గొంగడి నేనే మోశాను.

సీతాఫలాలు పక్వానికొచ్చి కళ్ళు తెరిచే రోజుల్లో జగదీశ్ వచ్చాడు. ఈసారి జీపులో ఒక్కడే వచ్చాడు, వెనక సీటులో ఒక సిమెంటు సంచి. దాన్ని తనే భుజాన మోసుకొచ్చి మా అరుగు మీద పెట్టాడు. క్షణంలో ఊరంతా మా వాకిట్లో ఉంది.

సంచి మీద మామ లేడు. గొడ్డలి లేదు.

"సదువు బిడ్డా," అన్నాడు మామ.

నేను చదివాను, ఈసారి నాలో నేను చదువుకోకుండా నేరుగా పైకే. "ఈ సిమెంటు తయారీలో పొగ వస్తుంది. దాన్ని మా బట్టీల దగ్గరే తగ్గించే పని మొదలుపెట్టాం. ఎర్రగుట్ట మేము కాపాడినది కాదు. ఆ ఊరివాళ్ళు వంతులు వేసుకుని కాపాడుకున్నది. మేము అక్కడ ఒక మోటారు, ఒక నీళ్ళ తొట్టి ఇచ్చాం. ఇంతకుముందు మా సంచుల మీద రాసింది తప్పు."

"ఆఖరుది మల్ల సదువు."

"ఇంతకుముందు మా సంచుల మీద రాసింది తప్పు."

"ఇంకొకపారి."

మూడోసారి నేను మొదలుపెట్టగానే పక్కనున్న పిల్లలందరూ కలిసి అందుకుని చదివారు.

"కార్బన్ భారం లేదన్న మాట?" అన్నాను జగదీశ్‌తో.

"తీసేసినం అక్కా. మేడం రాసిన దాంతోని ఆ క్రెడిట్లు చెల్లవన్నరు. పైన పెద్ద లొల్లి అయింది," అన్నాడు. అతని ముఖం చిక్కిపోయింది, కానీ కళ్ళల్లో ఏదో తేలిక ఉంది. "మోటారు పీకుదమన్నరు. నేను కొట్లాడిన. ఇప్పుడు పీకితే మనం ఇచ్చింది సాయం కాదు, అబద్ధానికి రేటు అని మనమే ఒప్పుకున్నట్టు గదా అన్న. ఇగ ఉండనిచ్చిండ్రు."

"నౌకరి?"

"ఉంది. ఇప్పుడు బట్టీ కాడ ఏసిండ్రు. పొగ తగ్గియ్యమని." నవ్వాడు. "అదే అసలు పని అక్కా. ముందే చెయ్యాల్సింది."

ప్రభుదాసు ఆకాశం వంక చూసి దండం పెట్టాడు, తర్వాత జగదీశ్‌ను ఎత్తుకున్నంత పని చేశాడు. మా అత్త అప్పటికే సంచిని గోడకు బిగించి కట్టేస్తోంది, రాత బయటికి కనిపించేలా.

మామ అరుగు మీది నుంచి లేచాడు. ఆ రోజు వంతు మాది కాదు, పక్కన రేణుకది. మామ ఆమె కొత్తింటి వైపు నడిచి, మేకుకున్న గొంగడిని తీశాడు. దాన్ని రెండు చేతులతో దులిపి, కాసేపు ముఖానికి ఆనించుకున్నాడు. ఆయన భుజాన వేసుకుంటాడనుకున్నాను. వేసుకోలేదు. తీసుకొచ్చి జగదీశ్ భుజాల మీద కప్పాడు.

"బోర్డు మీద మీ పేరు ఉండనీ. ఎవరు వద్దన్నరు? గని గుట్ట కాడ పేరుంటే వంతు పడాలె."

జగదీశ్ మంచి చొక్కా మీద ఉన్ని గరగరా గీరుతోంది. "ఇప్పుడా పెద్దాయనా? ఎండ..."

"ఎండకే మజా. నడువు, తొవ్వ నేను సూపిస్త."

చాలా నెలల తర్వాత మామ గుట్ట ఎక్కుతున్నాడు. వెనక జగదీశ్, అతని వెనక ఊరు సగం. ప్రభుదాసు పాట ఎత్తుకున్నాడు. నేను పరుగున పోయి వాళ్ళను కలిశాను. ఆ నడక చూడకుండా ఇంట్లో ఎవరుంటారు? చండ్ర చెట్టు దాటాక జగదీశ్ చెమటలు కక్కుతూ ఒక బండను ఆనుకున్నాడు. మామ ఆగి, వెనక్కి తిరిగి, మీసం దువ్వుకున్నాడు. ఆ మీసం కింద నవ్వును నేను సంచి మీద కూడా చూడలేదు.

"ఏం సారూ, సర్వే చెయ్యనా?" అన్నాడు. "చెప్పు. గిది ఎవరి గుట్ట?"

"మీదే పెద్దాయనా."

"మరి నువ్వెవరు?"

జగదీశ్ గొంగడి సర్దుకుని, ఊపిరి తీసుకుని, చెట్ల వంక చూశాడు.

"ఇయ్యాల వంతుల ఉన్నోన్ని," అన్నాడు.

"గిట్ల రాస్కో," అన్నాడు మామ. అని ముందుకు తిరిగి నడిచాడు.